తెర మీది అంకె ఎప్పటిది?

(అరకులోయ ప్రాంత కాఫీ రైతుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



నాకిచ్చిన విషయం చదివినప్పుడు వెనక బెంచీలో కొందరు నవ్వారు, చూశాను. సెన్సార్ పంపే రీడింగును ఫోన్‌లో అప్పటికప్పుడు చూసుకోవడం గురించి ఈయనేం చెబుతాడని మీ అనుమానం. తప్పు లేదు. నేను పదో తరగతితో ఆపేసినవాణ్ణి. ఇన్నేళ్ళూ ఈ సంఘంలో పట్టాల గురించి, అటవీ హక్కుల గురించి, కాఫీ ధర గురించి మాట్లాడాను గానీ యంత్రాల గురించి మాట్లాడలేదు. కానీ ఒక యంత్రం నా నాలుగు బస్తాల పార్చ్‌మెంట్ తడిపింది. అప్పటి నుంచి ఈ విద్య కొంచెం నేర్చుకోక తప్పలేదు. ముందు ఆ సంగతి చెబుతాను.

డిసెంబర్ నెల. బంగాళాఖాతంలో అల్పపీడనం ఉంది, రెండు రోజులు ముసురు పట్టి వదిలింది. మూడో రోజు పొద్దున్న కాస్త ఎండ పొడిచింది. కాఫీ పప్పు కడిగి కళ్ళంలో పోసి అప్పటికి ఐదు రోజులు. ఇంకో మూడు నాలుగు రోజులు ఎండితే పని అయిపోతుంది. ఫోన్ తీసి వాతావరణం చూపించే ఒక పేజీ తెరిచాను. దాని పేరు ఇక్కడ అనవసరం. మా మండలం పేరు నొక్కితే వర్షం సున్నా, గాలిలో తేమ అరవై చిల్లర, పైన ఎర్ర అక్షరాల్లో లైవ్ అని ఉంది. ఇంకేం, టార్పాలిన్ తీసి పప్పు పరిచి సంతకు పోయాను. సంతలో ఉండగానే మా కొండ వైపు మబ్బు నల్లగా దిగింది. పరుగున వచ్చేసరికి పప్పు నీళ్ళలో తేలుతోంది. ఆరిన పార్చ్‌మెంట్ మళ్ళీ తడిస్తే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఎంత ఎండబెట్టినా ముక్కవాసన పోదు, కొనేవాడు గుప్పెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకుని పక్కన పడేస్తాడు.

కోపంతో ఫోన్ మా మేనల్లుడి చేతికిచ్చాను. పాలిటెక్నిక్ చదివిన కుర్రాడు. "చూడరా, ఇంత వాన పడుతుంటే సున్నా అంటోంది, అబద్ధాల యంత్రం" అన్నాను. వాడు ఆ పేజీని వేలితో కిందికి తోశాడు, ఇంకా కిందికి తోశాడు. అట్టడుగున చీమ తల కాయంత అక్షరాలున్నాయి. చివరి రీడింగు నిన్న తెల్లవారుజాము నాలుగు గంటలది. "మావయ్యా, ఇది అబద్ధం చెప్పలేదు. నిన్నటి మాట ఇవాళ చెప్పింది" అన్నాడు.

నిన్న తెల్లవారుజామున నిజంగానే వాన తెరిపిచ్చింది. సున్నా నిజమే. తర్వాత ఆ స్టేషన్ మాట్లాడటం మానేసింది. పేజీ మాత్రం పాత అంకెనే పట్టుకుని లైవ్, లైవ్ అంటూ కూర్చుంది.

ఇవాళ నేను చెప్పదలచుకున్నదంతా ఈ ముక్కలోనే ఉంది గానీ, ఆ అంకె మన తెర మీదికి ఎలా వస్తుందో తెలిస్తే ఎక్కడ ఆగిపోతుందో కూడా తెలుస్తుంది. అందుకని ఆ దారి ఒకసారి నడుద్దాం.

మండల కేంద్రాల్లో ఇనుప కంచె లోపల ఒక స్తంభం, దాని మీద చిన్న సోలార్ పలక, తెల్లటి పళ్ళేలు ఒకదాని మీద ఒకటి బోర్లించినట్టున్న గూడు చూసే ఉంటారు. ఆ గూటిలో వేడి, తేమ కొలిచేవి ఉంటాయి. ఎండ నేరుగా తగలకుండా, గాలి మాత్రం ఆడేలా ఆ పళ్ళేలు. పక్కన గరాటు లాంటిది వానమాపకం. దాని కడుపులో పిల్లలాడుకునే తూగుడుబల్ల లాగా రెండు బుల్లి దొన్నెలుంటాయి. ఒక దొన్నె నిండగానే ఒరిగి నీళ్ళు పారబోస్తుంది, రెండోది గరాటు కిందికి వస్తుంది. ఒక్కో ఒరుగుకు ఇంత వాన అని లెక్క. కొన్నిటిలో 0.2 మిల్లీమీటర్లు, కొన్నిటిలో 0.5. ఎన్నిసార్లు ఒరిగిందో లెక్కపెట్టి, లోపలున్న సిమ్ కార్డు ద్వారా ఎక్కడో ఉన్న పెద్ద కంప్యూటరుకు పంపుతుంది. మన ఫోన్ ఆ కంప్యూటరును అడిగి తెచ్చుకుంటుంది. స్తంభం మనకు నేరుగా ఏమీ చెప్పదు.

ఆ అడగడంలో రెండు పద్ధతులున్నాయట. ఒకటి, పేజీ ఐదు నిమిషాలకోసారి ఫోన్ చేసి "ఏమైనా కొత్త కబురుందా" అని అడగడం. రెండోది, ఫోన్ పెట్టేయకుండా లైన్‌లోనే ఉండటం. కబురు రాగానే అవతలివాడే చెబుతాడు. రెండింటిలోనూ ఒక చిక్కు ఉంది. అవతలివాడి దగ్గర కొత్త కబురు లేకపోతే పేజీ ఏం చెయ్యాలి? నిజాయితీ ఉన్న పేజీ "రీడింగు రాలేదు" అని గీత గీసి చూపిస్తుంది. చాలా పేజీలు అలా చెయ్యవు. చివరగా వచ్చిన అంకెనే ఉంచేస్తాయి, లేకపోతే ఖాళీ చోట సున్నా పెట్టేస్తాయి. సున్నా వేరు, లేకపోవడం వేరు. వాన పడలేదని చెప్పడం వేరు, పడిందో లేదో నాకు తెలియదని చెప్పడం వేరు. మనుషుల్లో కూడా ఈ రెండో మాట అనగలిగినవాళ్ళు తక్కువే అనుకోండి.

స్టేషన్ ఎందుకు ఆగుతుంది? గరాటులో సిల్వర్ ఓక్ ఆకు ఒక్కటి అడ్డం పడితే చాలు, దొన్నె ఒరగదు, రోజంతా సున్నా. కుంభవృష్టి పడితే దొన్నెలు ఒరిగే వేగం చాలక లెక్క తగ్గుతుంది. వారం రోజులు మబ్బు కమ్మితే సోలార్ పలకకు ఎండ తగలదు, బ్యాటరీ దిగిపోతుంది. టవర్ పోతే కబురు పోదు. ఇవన్నీ ఎప్పుడు జరుగుతాయో చూడండి. ఎండగా హాయిగా ఉన్నన్ని రోజులూ యంత్రం చక్కగా పనిచేస్తుంది. మనకు అవసరమైన రోజునే మూగబోతుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మన తోటల్లో సిల్వర్ ఓకులు కాఫీ మొక్కల మీద పడి ఏళ్ళ కష్టం పోయింది కదా, ఆ రోజు విశాఖలో కైలాసగిరి మీదున్న వాతావరణ రాడారే దెబ్బతింది. అంతటిదానికే తప్పనప్పుడు మండలాఫీసు ఆవరణలో ఉన్న స్తంభాన్ని నేను తిట్టను. ఆగిపోయానని చెప్పకపోవడం మీదే నా కోపం.

ఇక్కడొక సరదా సంగతి. బ్రౌజర్‌లో ఎక్కడో ఉన్న వస్తువును కూర్చున్న చోటి నుంచి చూడటం అనే ఈ ఆట మొదట్లో ఎక్కడ పేరుపడిందో తెలుసా? కాఫీ దగ్గరే. ఇంగ్లండులో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం కంప్యూటర్ విభాగంలో ఒక గది బయట కాఫీ కుండ ఉండేది. వేరే అంతస్తుల వాళ్ళు అక్కడికి వచ్చేసరికి కుండ ఖాళీ. విసుగెత్తి 1991లో దాని ఎదురుగా ఒక కెమెరా పెట్టి, నిమిషానికి రెండు మూడుసార్లు బొమ్మ తీసి తమ కంప్యూటర్లకు పంపుకున్నారు. 1993లో అది వెబ్‌లోకి ఎక్కింది. ప్రపంచం నలుమూలల నుంచి జనం ఆ కుండలో కాఫీ ఉందో లేదో చూసేవారు. 2001లో ఆపేశారు. కుండలో కాఫీ చూడటానికి వాళ్ళకంత యంత్రాంగం కుదిరింది. కాఫీ పండించేవాడు తన కళ్ళం చూసుకోవడానికి ముప్పై ఏళ్ళు పట్టింది. సరే, ఇప్పటికైనా కుదిరింది, ఎలాగో కాసేపట్లో చెబుతాను.

దానికి ముందు ఇంకో చిక్కు. ఆ అంకె ఎప్పటిది అన్నది ఒక ప్రశ్న అయితే, ఎక్కడిది అన్నది రెండోది. మైదానంలో మండలానికో స్టేషన్ ఉంటే కొంతవరకు సరిపోతుందేమో. మనది మన్యం. అరకులోయ నేల సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంటుంది. ఇదే జిల్లాలో 1,600 మీటర్లు దాటిన శిఖరాలున్నాయి. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే సగటున ఆరున్నర డిగ్రీల చల్లదనం అంటారు. అంటే మండల కేంద్రం కన్నా మూడు వందల మీటర్ల పైనున్న తోటకు రెండు డిగ్రీల తేడా. వాన సంగతి చెప్పనే అక్కర్లేదు, గెడ్డకు ఇవతల పొడి, అవతల ఏరు పారుతుంది.

పోనీ ఎత్తును బట్టి లెక్క కట్టుకుందామా అంటే చలికాలం రాత్రి ఆ లెక్క తలకిందులవుతుంది. చల్లగాలి బరువైనది, కొండ మీది నుంచి జారి లోయ అడుగున నీళ్ళలా నిలుస్తుంది. అందుకే డిసెంబర్, జనవరి తెల్లవారుజామున వాలు మీదున్న ఊరికన్నా కింద పల్లంలో చలి ఎక్కువ. లంబసింగి పేరు పేపర్లో ప్రతి ఏటా చూస్తాం. ఆ అంకెల్లో చాలా వరకు చింతపల్లిలో ఉన్న రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం పరిశోధన స్థానం నమోదు చేసేవే. మంచు చూడటానికి వచ్చే పర్యాటకుడికి ఒక్క అంకె చాలు. పల్లంలో రాజ్‌మా వేసినవాడికి, వాలు మీద నారుమడి పెట్టినవాడికి ఒకే అంకె ఎలా చాలుతుంది?

సరే, ఆ తడిసిన పప్పు తర్వాత మా మేనల్లుడు ఊరుకోలేదు. ఏవో బోర్డులు, తీగలు తెప్పించి ఒక డబ్బా తయారుచేశాడు. అందులో ఈఎస్‌పీ32 అని అగ్గిపెట్టె కన్నా పెద్దగా లేని బోర్డు ఒకటి, వేడి, తేమ కొలిచే తెల్లటి సెన్సార్ ఒకటి, బ్యాటరీ, చిన్న సోలార్ పలక. అన్నీ కలిపి మాకు రెండు వేల లోపే అయింది. నేను అడిగిన మొదటి మాట, "మన కళ్ళం దగ్గర సిగ్నల్ లేదు కదరా, ఇదేం చేస్తుంది?" 2023 జూన్‌లో వంద సెల్ టవర్లు ఒక్క రోజే ప్రారంభించారు, ఎక్కువ మన జిల్లాలోనే. మేలే జరిగింది. అయినా మా కళ్ళం రెండు గట్ల మధ్యనుంది, అక్కడికి ఏ టవరూ తొంగి చూడదు.

వాడు చెప్పిన జవాబు వినండి, మీకు పనికొస్తుంది. ఆ బోర్డు తనే ఒక చిన్న వైఫై పెడుతుంది. టవర్ అక్కర్లేదు, డేటా అక్కర్లేదు, నెల నెలా రీచార్జి అక్కర్లేదు. కళ్ళం దగ్గరికి వెళ్ళి ఫోన్‌లో ఆ వైఫైకి కలిసి, బ్రౌజర్‌లో పైన 192.168.4.1 అని కొడితే పేజీ తెరుచుకుంటుంది. ఆ పేజీ ఎక్కడో హైదరాబాదు నుంచో అమెరికా నుంచో వచ్చేది కాదు. ఆ డబ్బాలోనే ఉంటుంది. మన కళ్ళం కబురు మన కళ్ళంలోనే పుట్టి మన ఫోన్‌లోనే కనిపిస్తుంది. ముప్పై నలభై మీటర్ల దూరం దాకా అందుతుంది. నాకు ఇది చాలా నచ్చింది.

ఒక్క తిరకాసు. ఆ వైఫైకి కలవగానే ఫోన్ "దీనికి ఇంటర్నెట్ లేదు, వదిలేయనా" అని అడుగుతుంది. మనం చూడకుండా సరే అంటే అది తన దారిన మొబైల్ డేటాకు పోతుంది, పేజీ తెరుచుకోదు. వద్దు, ఇక్కడే ఉండు అని నొక్కాలి. దీని దగ్గర నేను రెండు రోజులు తంటాలు పడ్డాను. మీరు పడకండి.

మొదటి పేజీ తయారయింది. వేడి ఇరవై నాలుగు, తేమ యాభై ఎనిమిది, పెద్ద అక్షరాల్లో. ఐదు సెకన్లకోసారి మారుతోంది. అందరూ మూగి చూశారు. నేను వెళ్ళి డబ్బా తీగ పీకేశాను. మా వాడు అరిచాడు. "ఉండరా, ఫోన్ చూడు" అన్నాను. ఫోన్‌లో వేడి ఇరవై నాలుగు, తేమ యాభై ఎనిమిది అలాగే ఉన్నాయి. డబ్బా చచ్చిపోయింది, అంకె బతికే ఉంది. నా నాలుగు బస్తాలు తడిపిన జబ్బే ఇది. వాడి ముఖం చూడాల్సింది అప్పుడు.

అంకె కింద టైమ్ వెయ్యమన్నాను. ఇక్కడ ఇంకో తమాషా బయటపడింది. ఆ బోర్డుకు టైమ్ తెలియదు! ఇంటర్నెట్ ఉంటే అక్కడి నుంచి టైమ్ తెచ్చుకుంటుందట. లేకపోతే తనకు కరెంటు వచ్చి ఎన్ని సెకన్లయిందో అంతవరకే దానికి తెలుసు. పుట్టిన దగ్గర్నుంచి లెక్కపెట్టుకునే పసిపిల్ల లాగా. మా వాడు రెండు ఉపాయాలు చేశాడు. ఒకటి, కబురు అందిన క్షణం ఫోన్ గడియారం చూసి పేజీయే రాసుకుంటుంది: "పది సెకన్ల కిందట అందింది". రెండోది, బిళ్ళ బ్యాటరీతో నడిచే చిన్న గడియారం చిప్ బోర్డుకు కలిపాడు, రాత్రంతా దాచుకున్న రీడింగుల పక్కన టైమ్ పడటానికి. ఇప్పుడు కొత్త కబురు అరనిమిషం పాటు అందకపోతే అంకె బూడిద రంగుకు మారుతుంది. రెండు నిమిషాలు దాటితే అంకే కనిపించదు, గీత ఒకటి కనిపిస్తుంది.

రంగు ఆలోచన మా వదినది. ఆమె చదువుకోలేదు. కళ్ళంలో పప్పు తిరగేసేది, సాయంత్రం కుప్పచేసి కప్పేది ఆమె, ఆడవాళ్ళు. నేను సంతల్లో, మీటింగుల్లో తిరుగుతుంటాను. ఫోన్ చూడాల్సింది ఎవరు మరి? "నాకు అంకెలు వద్దయ్యా, కప్పాలా వద్దా చెబితే చాలు" అంది. అందుకని తేమ ఎనభై దాటగానే పేజీ మొత్తం ఎర్రగా అవుతుంది. ఎనభై అన్నది మేం పెట్టుకున్న గీత, శాస్త్రం కాదు. మీ కళ్ళానికి మీరు చూసి పెట్టుకోండి. పగలు ఎండిన పప్పు రాత్రి చెమ్మగాలి పీల్చుకుని మళ్ళీ బరువెక్కుతుంది కాబట్టి ఎప్పుడు కప్పాలన్నదే అసలు పని.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఆ డబ్బా చెప్పేది గాలిలో తేమ. పప్పులో తేమ కాదు. పార్చ్‌మెంట్‌ను పది శాతం దగ్గరికి ఎండబెట్టాలని కాఫీ బోర్డు వాళ్ళు చెబుతారు. ఆ పది శాతం కొలవడానికి వేరే మీటర్ కావాలి, లేదా మన పెద్దల్లాగా పంటి కింద పెట్టి చూడాలి. మా వాడు మొదట పేజీ మీద "కాఫీ తేమ" అని రాశాడు, కొట్టేయించాను. ఒకదాని పేరు ఇంకోదానికి పెడితే యంత్రంలో ఏ లోపం లేకున్నా మనిషి మోసపోతాడు. పైగా ఆ తెల్ల సెన్సార్ తేమ అంకెలో రెండు నుంచి ఐదు శాతం వరకు తేడా ఉండొచ్చట. అలాంటప్పుడు యాభై ఎనిమిది పాయింట్ మూడు అని చూపించడం ఎందుకు? ఆ పాయింట్ కూడా తీయించాను.

మేం చేసిన తప్పులు కూడా చెబుతాను. మొదట డబ్బాను రేకుల చూరు కింద కట్టాం, మధ్యాహ్నం నలభై డిగ్రీలు చూపించింది. అది రేకు వేడి. నాలుగడుగుల ఎత్తున, నీడలో, గాలి ఆడే చోట పెట్టాక దారికొచ్చింది. మిరియం మొదలు దగ్గర గుచ్చిన నేల చెమ్మ సెన్సార్ రెండు ఇనప కాళ్ళ రకం, ఒక్క వానాకాలానికే తుప్పు పట్టి ఎప్పుడూ తడి అనే చెప్పడం మొదలుపెట్టింది. పూత వేసిన ఒంటి పలక రకం కొంచెం నయం. వానాకాలంలో డబ్బాలో చీమలు గూడు పెట్టాయి. తీగ దూరే కంతకు మైనం పెట్టండి.

ఇప్పుడు కళ్ళం నుంచి కాస్త బయటికి వద్దాం. సంఘంగా మనకు అసలు పట్టాల్సింది ఇది. కళ్ళంలో అంకె తప్పితే నాలుగు బస్తాలు పోతాయి. బీమాలో అంకె తప్పితే ఊరు ఊరంతా పోతుంది. వాతావరణ ఆధారిత పంటల బీమాలో ఎవరూ వచ్చి మీ చేను చూడరు. మీ ప్రాంతానికి కేటాయించిన స్టేషన్ రీడింగు ఇంత దాటిందా, ఇంతకు తగ్గిందా, అదొక్కటే చూస్తారు. దాటితే పరిహారం, లేకపోతే లేదు. కాఫీకే కర్ణాటక, కేరళ, తమిళనాడు రైతులకు కాఫీ బోర్డు, వ్యవసాయ బీమా కంపెనీ కలిసి 2007 ప్రాంతంలో వానను బట్టి బీమా తెచ్చాయి. మార్చి, ఏప్రిల్‌లో పూతవాన పడిందా, దాని వెనక రావాల్సిన జల్లు పడిందా, కోతకు ముందు వానలు మితిమీరాయా అని వానమాపకాన్ని చూసి లెక్కకట్టే పద్ధతి. ఆలోచన మంచిదే. కానీ పూతవాన మా గట్టు మీద పడక, మాపకం ఉన్న గట్టు మీద పడితే?

కేంద్ర వ్యవసాయ శాఖ 2023 జూలైలో విండ్స్ అని ఒక పథకం మొదలుపెట్టింది. మండలం స్థాయిలో స్వయంచాలక వాతావరణ కేంద్రం, పంచాయతీ స్థాయిలో వానమాపకం ఉండాలని దాని ఉద్దేశం. మనం దాన్ని కాదనం, రమ్మనే అడగాలి. అయితే మన పంచాయతీ అంటే ఒక ఊరు కాదు, నాలుగు గట్ల మీద చెదిరిన పది పదిహేను శివారు గూడేలు. మాపకం ఎక్కడ పెట్టాలన్నది రోడ్డు పక్కన జీపు ఆగిన చోట తేల్చకూడదు. గ్రామసభలో తేల్చాలి. మనది ఐదో షెడ్యూలు ప్రాంతం, 1996 నాటి పెసా చట్టం ఉన్నది గ్రామసభ మాట వినడానికే. చెట్టుకూ గోడకూ ఎంత ఎత్తుందో దానికి కనీసం రెండింతల దూరంలో మాపకం ఉండాలని నియమం. ఆ దూరం మనమే అడుగులతో కొలిచి చూడొచ్చు.

ఇంకో సంగతి. ఇది తెలియక మన వాళ్ళు ఆఫీసుల్లో దోషుల్లా నిలబడ్డారు. వాతావరణ శాఖ లెక్కలో ఒక రోజు వాన అంటే అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రి దాకా కాదు. ముందు రోజు ఉదయం ఎనిమిదిన్నర నుంచి ఆ రోజు ఉదయం ఎనిమిదిన్నర దాకా. ప్రపంచమంతా వాడే గ్రీనిచ్ టైమ్‌లో అది సరిగ్గా మూడు గంటలు. అంటే పన్నెండో తేదీ మధ్యాహ్నం వడగళ్ళు పడితే ఆ వాన పదమూడో తేదీ పట్టికలో ఉంటుంది. మనం పన్నెండు అని దరఖాస్తు రాస్తాం. అక్కడ పన్నెండు కింద సున్నా కనిపిస్తుంది. "వాన పడనేలేదు కదయ్యా" అంటారు. అందుకని తేదీతో పాటు గంట కూడా రాయండి. ఫసల్ బీమాలో వడగళ్ళ లాంటి స్థానిక నష్టానికి 72 గంటల్లోపు కబురు చెయ్యాలన్న నిబంధన కూడా ఉంది. కొండ దిగి సిగ్నల్ ఉన్న చోటికి రావడానికే ఒక పూట పట్టేవాళ్ళం, ఆ గంటలు మనకు కరుకైనవి.

ఈ సభ తరఫున తీర్మానం పెడదామని నా కోరిక. ప్రజల సొమ్ముతో నడిచే ఏ స్టేషన్ రీడింగు చూపించినా అంకె పక్కనే, అంతే సైజు అక్షరాల్లో టైమ్, స్టేషన్ ఉన్న ఊరి పేరు వెయ్యాలి. రీడింగు రానప్పుడు రాలేదని చూపాలి, సున్నా వెయ్యకూడదు. ఆ సీజను మొత్తం గంట గంట లెక్క ఎవరైనా దించుకునేలా ఉంచాలి, ఇవాళ్టి అంకె ఒక్కటి చూపించి నిన్నటిది మాయం చెయ్యకూడదు. ఇవ్వకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది, పది రూపాయల దరఖాస్తు. నెల రోజుల్లో జవాబివ్వాలి.

ఈ అంకెల మీద ప్రాణాలు కూడా ఆధారపడతాయి. గోదావరి, శబరి గట్ల మీదున్న కూనవరం, వి.ఆర్.పురం, చింతూరు వైపు మన అన్నదమ్ముల్ని అడగండి. వానాకాలం వస్తే వాళ్ళ కళ్ళు భద్రాచలం నీటిమట్టం మీదే ఉంటాయి. 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జూలైలో 71 అడుగులు దాటింది, 1986 తర్వాత అంత నీరు రాలేదు. కేంద్ర జల సంఘం ఆ మట్టాన్ని వెబ్‌లో గీత గీసి చూపిస్తుంది, గీత పైకి పోతోందా, నిలిచిందా, దిగుతోందా కంటికే తెలుస్తుంది. నాకు తెలిసిన పేజీలన్నిటిలో అది మేలైన పద్ధతి, ఎందుకంటే అరవై అడుగులు అన్న అంకె కన్నా గంటకు ఎంత పెరుగుతోందన్నదే సామాను కట్టుకునేవాడికి కావాలి. భద్రాచలంలో కనిపించిన నీరు కొన్ని గంటలకు కూనవరం చేరుతుంది, శబరి వెనక్కి తంతుంది. ఆ కొన్ని గంటలే వాళ్ళకున్న సమయం. మరి వరదలో కరెంటు పోయి టవర్ ఆగితే? అప్పుడు ఫోన్‌లో మిగిలేది పాత అంకె. దాన్ని చూసి ఇంకా టైముంది అనుకున్నవాడి గతి ఏమిటి?

ఇక మన చేతిలో ఉన్న పని. డబ్బా తర్వాత, ముందు డబ్బీ. అడుగు నుంచి అంచు దాకా ఒకే వెడల్పున్న రేకు డబ్బీ ఒకటి, స్కూలు పిల్లల స్కేలు ఒకటి. చెట్టు నీడ లేని చోట చెక్కకు కట్టి, రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు లోతు కొలిచి పుస్తకంలో రాయాలి. ఒక మిల్లీమీటరు అంటే గజం చదరానికి ముప్పావు లీటరుకు పైన, ఎకరానికి నాలుగు వేల లీటర్ల పైచిలుకు. పూతవాన పాతిక మిల్లీమీటర్లు పడిందో లేదో ఎవరినీ అడగక్కర్లేదు. గూడేనికొక డబ్బీ, ఒక పుస్తకం. వాన లేని రోజు సున్నా రాయండి. కొలవడం మరిచిపోయిన రోజు సున్నా రాయకండి, గీత గీయండి. స్టేషన్ వాళ్ళను అడిగేది మనమూ చెయ్యాలి కదా. ఆ పుస్తకం బీమా కంపెనీ ఒప్పుకుంటుందా అని మొన్న ఒక తమ్ముడు అడిగాడు. ఒప్పుకోకపోవచ్చు. కానీ స్టేషన్ లెక్కకూ ఇరవై గూడేల లెక్కకూ పక్కపక్కన పెట్టి తేడా చూపించినప్పుడు, మా దగ్గర వాన పడిందండీ అని చేతులు కట్టుకుని చెప్పడం కన్నా మనం గట్టిగా మాట్లాడగలం.

డబ్బా కావాలన్న వాళ్ళ పేర్లు మా మేనల్లుడు రాసుకుంటాడు. ఊరికి ఒకరు చొప్పున, ఆడపిల్లలైతే మరీ మంచిది, రెండు రోజులు నేర్పుతానన్నాడు. విడిభాగాల ఖర్చు ఊరే పెట్టుకోవాలి, సంఘం దగ్గర డబ్బులేవీ లేవు, ముందే చెబుతున్నాను.

ఇప్పుడు భోజనాలు. బయట వరండాలో ఆ డబ్బా కట్టి ఉంది. ఫోన్లున్న వాళ్ళు వైఫైకి కలిసి చూడండి, ఇంటర్నెట్ లేదంటే ఇక్కడే ఉండు అని నొక్కండి. నేను మాట్లాడుతుండగా మావాడు బయటికి వెళ్ళాడు, తీగ పీకి ఉండొచ్చు, పీకకపోయి ఉండొచ్చు. డబ్బాను ముట్టుకోకుండా, పేజీ చూసి చెప్పిన వాళ్ళకు ముందు వడ్డిస్తాం.